హ్యూరోడిస్ మౌనం ఎవరి సొత్తు?

'సర్ ఓర్ఫియో' మధ్యయుగపు ఇంగ్లీషులో దాదాపు 600 పాదాల చిన్న కావ్యం. భార్య హ్యూరోడిస్‌ను ఫెయిరీ రాజు ఎత్తుకుపోతే రాజ్యం వదిలేసి, హార్ప్ ఒక్కటి భుజాన వేసుకుని అడవి పట్టిన ఓర్ఫియో అనే రాజు కథ. కవి పేరు తెలియదు. మనకు అందిన ప్రతుల్లో అన్నిటికన్నా పాతది 1330ల నాటి ఆకిన్‌లెక్ రాతప్రతి. అది ఎడిన్‌బరోలో, స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఈ కావ్యాన్ని ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన ఒక మాస్టారికీ, దాని మీద ఫ్యాన్ ఫిక్షన్ రాసి బొమ్మలు కూడా వేయాలని పూనుకున్న ఆయన శిష్యురాలికీ మధ్య నడిచిన వాదం ఇది. పాత కావ్యాన్ని అభిమానులు ముట్టుకోవచ్చా, ముట్టుకుంటే ఎంతవరకు అన్నది ప్రశ్న.

శిష్యురాలు: మాస్టారూ, హ్యూరోడిస్ తన కథ తానే చెప్పుకుంటున్నట్టు ఒక రచన మొదలుపెట్టాను. ఫెయిరీ లోకంలో ఆమె గడిపిన పదేళ్ళ కథ. మూలంలో ఆ పదేళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. ఓర్ఫియో అడవిలో వేళ్ళూ ఆకులూ తిని బతికాడని, గడ్డం నడుము దాకా పెరిగిందని కవి చెప్తాడు. ఆమె సంగతి ఎత్తడు. ఆ ఖాళీ నింపాలని ఉంది.

మాస్టారు: నింపకమ్మా. దాన్ని ఖాళీ అనుకోవడం దగ్గరే మనిద్దరికీ తేడా వస్తోంది. ఆ మే నెల పొద్దు గుర్తు తెచ్చుకో. రాణి ఇద్దరు చెలికత్తెలతో తోటకు వెళ్ళి, అంటు కట్టిన చెట్టు కింద నిద్రపోయింది. లేస్తూనే కేకలు పెట్టింది. చేతులూ కాళ్ళూ నలుపుకుంది, రక్తం వచ్చేలా మొహం గీరుకుంది, కట్టుకున్న బట్ట చింపుకుంది. భర్త బతిమాలితే అప్పుడు చెప్పింది: ఫెయిరీ రాజు వచ్చి తన లోకమంతా తిప్పి చూపించాడు, రేపు ఇదే చెట్టు కిందికి రమ్మన్నాడు, రాకపోతే ఒళ్ళు ముక్కలు చేసైనా పట్టుకుపోతానన్నాడు. మర్నాడు వెయ్యిమంది యోధులు ఆమె చుట్టూ కాపు కాశారు. వాళ్ళ నడుమ నుంచే ఆమె మాయమైంది. ఇక అక్కణ్ణుంచి కావ్యం ముగిసేదాకా ఆమె నోట మాట లేదు. కవి ఆ మాట మరిచిపోయాడని నేననుకోను. ఆ లోకానికి వెళ్ళిన మనిషి అక్కడ ఏం చూసిందో మనకు తెలియదు. ఈ కథలో ఉన్న భయమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. నువ్వు ఆ పదేళ్ళకు గదులు కట్టి, స్నేహాలు కల్పించి, రోజులు లెక్కపెడితే ఆ భయం ఇగిరిపోతుంది.

శిష్యురాలు: కవి మౌనాన్ని మనం గౌరవించాలంటారు. మరి ఆ కవి తనకు ముందున్న కవులను అలా గౌరవించాడా? వర్జిల్, ఓవిడ్ చెప్పిన ఆర్ఫియస్ కథలో యూరిడిసీ పాము కరిచి చనిపోతుంది. ఆర్ఫియస్ పాతాళానికి వెళ్ళి పాడితే ఆమెను ఇస్తారు, వెనక్కి తిరిగి చూడకూడదని షరతు పెడతారు. చూస్తాడు, పోగొట్టుకుంటాడు. ఆ కథ ప్రాణమే ఆ చూపు. మన కవి దాన్ని నిస్సంకోచంగా తీసి అవతల పెట్టాడు. పాము లేదు, చావు లేదు, షరతూ లేదు. ఓర్ఫియో భార్య చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేస్తాడు. థ్రేస్‌ను ఇంగ్లండుకు తెచ్చి, వించెస్టర్ పాత పేరు అదేనంటాడు. ఓర్ఫియో తల్లి జూనో వంశం అని చెప్తూ, దేవతైన జూనోను రాజును చేసేస్తాడు. ఇష్టపడ్డ కథను తన దేశానికి తెచ్చుకుని, తను కోరుకున్న ముగింపు పెట్టుకున్నాడు. అభిమాని చేసే పని ఇదే కదా? నన్నడిగితే 'సర్ ఓర్ఫియో'యే ఒక ఫ్యాన్ ఫిక్షన్.

మాస్టారు: తీసేసినవి చెప్పావు. వాటి చోట ఏం పెట్టాడో కూడా చూడాలి. ఐర్లాండు పాత కథల్లో మిదిర్ అనేవాడు కాపలా ఉన్న రాజసభలోంచే ఎతాయిన్‌ను తీసుకుపోతాడు. పన్నెండో శతాబ్దంలో వాల్టర్ మ్యాప్ బ్రిటనీ వీరుడి కథ ఒకటి రాశాడు. అందులో చనిపోయిందని పూడ్చిపెట్టిన భార్య ఫెయిరీల నాట్యంలో కనిపిస్తే భర్త పట్టి తెచ్చుకుంటాడు. అలాంటి కథల సంపద చేతిలో ఉన్న కవి ఆర్ఫియస్‌ను దానితో కలిపాడు. పైగా సుఖాంతం ఊరికే ఇవ్వలేదు. రాజు దివానుకు రాజ్యం అప్పగించి, తాను చనిపోయినట్టు తెలిస్తే సభ కూర్చి కొత్త రాజును ఎన్నుకోమని చెప్పి, చెప్పులు కూడా లేకుండా వెళ్ళిపోయాడు. పదేళ్ళు పోయాయి. చివరికి ఫెయిరీ రాజు వాద్యం విని మెచ్చి ఏదైనా కోరుకోమన్నాడు. హ్యూరోడిస్‌ను అడిగితే, చిక్కి నల్లబడిన నీకూ ఆమెకూ జోడీ కుదరదన్నాడు. అంతకన్నా అసహ్యమైనది నీలాంటి రాజు నోట అబద్ధం వినిపించడం అని ఓర్ఫియో జవాబిచ్చాడు. మాట ఇచ్చినవాణ్ణి మాటతోనే కట్టేశాడు. అభిమానుల రాతల్లో ఆ వెల కనిపించదు, సుఖాంతం మాత్రం ఉంటుంది.

శిష్యురాలు: వెల చెల్లించని రాతలు ఉన్నాయి, కాదనను. అప్పట్లోనూ ఉండే ఉంటాయి, అవి మిగలలేదు. మిగిలినవి చూడండి. ఆకిన్‌లెక్ తర్వాత పదిహేనో శతాబ్దం మొదట్లో హార్లీ ప్రతి, చివర్లో యాష్‌మోల్ ప్రతి. మూడింటిలో ఏ రెండూ ఒకేలా లేవు. వించెస్టర్ మాట ఆకిన్‌లెక్‌లో తప్ప మిగతా రెండింటిలో లేదు. యాష్‌మోల్ ప్రతి రాసిన లేఖకుడు రేట్ తన పేరు సంతకం చేసుకున్నాడు, పుస్తకంలో చేపల బొమ్మలు కూడా వేసుకున్నాడు. ఆకిన్‌లెక్‌లో ఓర్ఫియో మొదటి పాదాలు పోయాయి. ఈనాడు మనం అచ్చులో చదివే ప్రారంభాన్ని పండితులు హార్లీ నుంచి, అదే ప్రారంభం ఉన్న 'లే ల ఫ్రెయిన్' అనే మరో కావ్యం నుంచి తెచ్చి సర్దారు. ఇక షెట్లాండ్ దీవుల్లో పందొమ్మిదో శతాబ్దంలో జనం నోట దొరికిన పాటలో హార్ప్ పోయి పైపులు వచ్చాయి. ఫ్రాన్సిస్ చైల్డ్ తన జానపద గీతాల సంకలనంలో దానికి 19వ సంఖ్య ఇచ్చాడు. ముట్టుకున్న చేతులే ఈ కథను మనదాకా తెచ్చాయి మాస్టారూ. ఓర్ఫియో కథ విన్న బ్రిటనీ హార్ప్ వాద్యకారులు దాన్ని గీతంగా కట్టారని కావ్యం చివర కవే చెప్పుకున్నాడు. విన్నవాళ్ళు కట్టిన పాట అని తనే ఒప్పుకున్న రచనకు మనం కంచె వేయడం ఏమిటి?

మాస్టారు: కంచె వేయమనడం లేదు. హెన్రిసన్ అనే స్కాట్లాండు కవి పదిహేనో శతాబ్దంలో ఆ చూపునూ ఆ నష్టాన్నీ మళ్ళీ తెచ్చి, చివర నీతి కూడా చెప్పాడు. అదీ నాకు ఇష్టమే. మార్చడం గురించి నాకు పేచీ లేదు. దేన్ని మారుస్తున్నామో తెలియకుండా మార్చడం గురించే. ముఖ్యంగా ఆ ఫెయిరీ రాజు. ఈమధ్య నువ్వు చూపించిన బొమ్మల్లో అతనికి సీతాకోకచిలుక రెక్కలున్నాయి. కథల్లో అతనికి ఒక విషాదగాథ ఉంది, హ్యూరోడిస్ మీద ప్రేమ ఉంది. మూలంలో అతనికి రెక్కలు లేవు. గుర్రం ఉంది, పరివారం ఉంది, సూర్యుడిలా మెరిసే మణితో చేసిన కిరీటం ఉంది. ఆమెను ఎందుకు ఎత్తుకుపోయాడో కవి చెప్పడు. కోపం లేదు, మోహం లేదు, పగ లేదు. అతని కోట లోపల ఏముందో గుర్తుందా?

శిష్యురాలు: ఉంది. కొండరాతిలోంచి మూడు మైళ్ళు నడిస్తే చదునైన పచ్చటి నేల, స్ఫటికంలా మెరిసే గోడ, వంద బురుజులు.

మాస్టారు: ఆ గోడ దాటాక? చచ్చిపోయారని లోకం అనుకున్న మనుషులు, నిజానికి చావనివాళ్ళు. తల లేనివాళ్ళు, చేతులు లేనివాళ్ళు, ఒంట్లో గాయాలు దిగి ఉన్నవాళ్ళు. పిచ్చెక్కి కట్టేసి ఉన్నవాళ్ళు. తింటూ గొంతు పట్టి పోయినవాళ్ళు, నీళ్ళలో మునిగినవాళ్ళు, మంటల్లో కమిలినవాళ్ళు. పురిటి మంచం మీది ఆడవాళ్ళు. అందరినీ ఏ క్షణంలో ఎత్తుకొచ్చారో ఆ క్షణంలోనే ఉంచేశారు. వాళ్ళ మధ్యే హ్యూరోడిస్ అంటుచెట్టు కింద నిద్రపోతోంది. ఒంటి మీద అవే బట్టలు, వాటిని బట్టే ఓర్ఫియో ఆమెను గుర్తుపట్టాడు. ఇది చేసినవాడికి కారణం చెప్పామనుకో, అతను మనకు అర్థమైపోతాడు. అర్థమైనవాణ్ణి చూసి ఎవరు వణుకుతారు? పురిట్లో భార్యను పోగొట్టుకున్న మగాడు ఆ రోజుల్లో ఈ పాదాలు వింటూ కూర్చుని ఉంటాడమ్మా. ఎందుకు పోయింది అన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. కవి కూడా జవాబు కల్పించలేదు. దాన్ని నేను కవి నిజాయితీ అంటాను.

శిష్యురాలు: ఫెయిరీ రాజు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అతనికి కారణం పెట్టను, రెక్కలూ గీయను. కానీ అతని మౌనాన్నీ ఆమె మౌనాన్నీ మీరు ఒకే గాటన కడుతున్నారు. అతని మౌనం కథలో పని చేస్తోంది, భయపెడుతోంది. తిరిగొచ్చాక ఆమె మౌనం ఏం చేస్తోంది? వించెస్టర్ చేరగానే ఓర్ఫియో ఏం చేశాడో చూడండి. ఊరి అంచున ఒక బిచ్చగాడి ఇరుకు ఇంట్లో బస. మర్నాడు ఆ బిచ్చగాడి బట్టలు అడిగి తీసుకుని, హార్ప్ పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాడు, దివాను విశ్వాసం పరీక్షించడానికి. భార్యను ఆ ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. వెయ్యిమంది కాపలా మధ్య నుంచి మాయమైన మనిషి! ఇప్పుడు ఒక్క యోధుడు కూడా కాపలా లేడు. దివాను మాత్రం కొలువులో అందరి ఎదుటా ఉన్నాడు. రాజును సింహాలు చీల్చేశాయని, హార్ప్ అక్కడ దొరికిందని ఓర్ఫియో కల్పించి చెప్తే మూర్ఛపోయాడు. అతని దుఃఖం చూసి రాజు పొంగిపోయాడు, తర్వాత రాజ్యం కూడా అతనికే వచ్చింది. ఆ రోజంతా ఆ ఇంట్లో ఆమెకు ఎలా గడిచింది? తలుపు చప్పుడైతే ఏమనుకుంది? నిద్ర వస్తే పడుకోగలిగిందా? ఈ ప్రశ్న కవి వేసుకోలేదు. వేసుకునే హక్కు చదివేవాళ్ళకు ఉంది.

మాస్టారు: ఆమె మాట్లాడింది. నోటితో కాదు. అడవిలో ఆ రోజు అరవైమంది స్త్రీలు గుర్రాల మీద డేగలతో వేటకు వచ్చారు, వాళ్ళలో ఒక్క మగాడు లేడు. ఓర్ఫియో దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆమె అతన్ని చూసింది. అతను ఆమెను చూశాడు. ఇద్దరి నోటా మాట రాలేదు. ఒకప్పుడు రాజైన మనిషి అలా అయిపోవడం చూసి ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి. అది చూసిన తక్కిన ఆడవాళ్ళు ఆమెను అక్కడ నిలవనివ్వకుండా తీసుకుపోయారు. ఓవిడ్ కథలో చూపు భార్యను పోగొడుతుంది, ఇక్కడ చూపే ఆమెను దొరికిస్తోంది. నువ్వు ఇందాక ఆ చూపును కవి తీసేశాడన్నావు. తీయలేదు, తెచ్చి అడవిలో పెట్టాడు. ఇంతకన్నా పెద్ద మాట ఆమె చేత ఎవరు చెప్పించగలరు?

శిష్యురాలు: ఆ చోట ఎవరూ చెప్పించలేరు, నేనూ ముట్టుకోను. బిచ్చగాడి ఇంటి సంగతి వేరు. అక్కడ ఆమె కన్నీళ్ళు కూడా లేవు. మన దగ్గరే చూడండి, వ్యాస భారతంలో శశిరేఖ లేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' లేకుండా మనకు ఘటోత్కచుడు ఎలా ఉండేవాడో ఊహించగలరా?

మాస్టారు: ఊహించలేను. కానీ ఆ సినిమా తీసినవాళ్ళకు భారతం కంఠతా వచ్చు, చూసినవాళ్ళకూ వచ్చు. ఏది వ్యాసుడిదో, ఏది కల్పనో తెలిసే ఆనందించారు. ఓర్ఫియో విషయంలో ఆ భరోసా లేదు. నీ కథ చదివే తెలుగు కుర్రాడికి అదే మొదటి ఓర్ఫియో అవుతుంది. మూలం అతని చేతికి ఎప్పుడూ రాకపోవచ్చు.

శిష్యురాలు: నా కథ చదివే మూలం వెతుక్కోవచ్చు కూడా. నేను అలాగే వచ్చాను. టోల్కీన్ రాసిన 'ది హాబిట్' చదివాను. మిర్క్‌వుడ్ అడవిలో ఎక్కడో దూరంగా కొమ్ముల ఊదుడు, కుక్కల అరుపు, వేట సాగుతున్న సవ్వడి. అది ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే ఓర్ఫియో దొరికింది. అడవిలో ఓర్ఫియోకు కూడా ఫెయిరీ రాజు వేట అలా మసకగా వినిపిస్తుంది, వాళ్ళు ఏ మృగాన్నీ పట్టరు, ఎటు పోతారో తెలియదు. తర్వాత ఆయనదే లూథియెన్ కథ చదివాను. అక్కడ చనిపోయిన ప్రియుడి కోసం మృత్యుదేవత ముందు స్త్రీ పాడుతుంది, గెలుస్తుంది. ఆర్ఫియస్ కథను తిరగేసి రాశాడు టోల్కీన్. ఆయన కూడా అభిమానే కదా?

మాస్టారు: టోల్కీన్ పేరు ఎత్తావు కాబట్టి ఆయన చేసిన పని క్రమం కూడా చెప్పుకుందాం. 1944లో ఆక్స్‌ఫర్డ్‌లో నౌకాదళ క్యాడెట్ల కోర్సు కోసం ఓర్ఫియో మూలపాఠాన్ని పరిష్కరించి ఇచ్చాడు. పాదం పాదానికీ ప్రాస నిలబెడుతూ ఆధునిక ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆయన పోయాక 1975లో కొడుకు క్రిస్టఫర్ దాన్ని అచ్చు వేయించాడు. ఒక్కో మాటకు మూడు ప్రతులూ దగ్గర పెట్టుకుని ఆలోచించే మనిషికి అడవిలో ఆ వేట ఎలా వినిపించాలో తెలుస్తుంది. అలా లోపలికి వెళ్ళి వచ్చినవాడు ఏం మార్చినా నేను చేతులెత్తి మొక్కుతాను.

శిష్యురాలు: అందరూ ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు కాలేరు. పండితులకే ఆ హక్కు అంటే రేట్ చేపల బొమ్మలు వేసేవాడు కాదు, షెట్లాండ్ జాలర్లు పాడేవాళ్ళు కాదు.

మాస్టారు: పాండిత్యం అడగడం లేదు, చదవమంటున్నాను. షెట్లాండ్ వాళ్ళు తరతరాలుగా పాడి పాడి ఒంటబట్టించుకున్నారు. రేట్ పాదం పాదం చేత్తో రాశాడు. నువ్వు కనీసం మూలం మొత్తం ఒకసారి చేత్తో రాసి చూడు. కష్టమైన మాటలకు పక్కన అర్థాలు పెట్టుకో. ఆ తర్వాత ఏది నిజంగా ఖాళీయో, ఏది కవి కావాలని మూసిన తలుపో నీకే తెలుస్తుంది. అది తెలిశాక నన్ను అడగాల్సిన పని ఉండదు.

శిష్యురాలు: రాస్తాను. మీ షరతులు ఇంకేమైనా ఉంటే చెప్పండి, నావీ చెప్తాను. అభిమానుల లోకానికి దాని మర్యాదలు దానికి ఉన్నాయి. ఏ కథ మీద రాస్తున్నామో మొదటే చెప్తాం, ఏం మార్చామో చెప్తాం, మూలం నాది అనుకోం. ఎక్కువమంది డబ్బు కోసం రాయరు.

మాస్టారు: హక్కుల సంగతి కూడా తెలుసుకో. ఆ పాత కావ్యం మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. టోల్కీన్ అనువాదం అలా కాదు, దానికి కాపీరైటు ఉంది. ఆయన వాక్యాలు తెచ్చి నీ కథలో పెట్టుకోకూడదు. నువ్వు మూలం నుంచే రాయి. ఆకిన్‌లెక్ పుటలన్నిటినీ ఆ గ్రంథాలయం డిజిటైజ్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. బొమ్మల కోసం ఎవరో కోసుకుపోయిన చోట్లు కూడా అందులో కనిపిస్తాయి. అభిమానం హద్దు మీరితే ఏమవుతుందో అవి చూస్తే తెలుస్తుంది.

శిష్యురాలు: అదే పుస్తకం మీద ఎవరికీ అభిమానం లేకపోయి ఉంటే 1744లో ఆకిన్‌లెక్ ప్రభువు దాన్ని ఎడిన్‌బరో న్యాయవాదుల గ్రంథాలయానికి ఇచ్చేవాడూ కాదు, మనం ఇలా కూర్చుని వాదించుకునేవాళ్ళమూ కాదు. సరే మాస్టారూ, నా నిర్ణయం చెప్తాను. ఫెయిరీ లోకంలోని పదేళ్ళు రాయను. ఆ తలుపు కవి మూశాడని మీ మాటల్లో నాకు కనిపించింది. బిచ్చగాడి ఇంట్లో ఆ ఒక్క రోజు మాత్రం రాస్తాను. ఓర్ఫియో వెళ్ళినప్పటి నుంచి అతని మనుషులు వచ్చి ఆమెను ఊరేగింపుగా తీసుకెళ్ళేదాకా. ఆ పదేళ్ళలో ఏం జరిగిందో ఆమె అక్కడ కూడా చెప్పదు. ఆ ఇంటివాళ్ళు అడుగుతారు, చెప్పదు. కానీ మాట్లాడుతుంది. రొట్టె అడుగుతుంది, పేరు అడుగుతుంది, చెట్టు కనిపించని చోట కూర్చోబెట్టమంటుంది.

మాస్టారు: ఆ చివరి కోరిక నాకు నచ్చింది. అది రాయి. ఆమె నోరు విప్పితే కావ్యం బలహీనపడుతుందన్న నా అనుమానం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. రాసి తీసుకురా, చదివి చెప్తాను.

ఇద్దరూ తమ పట్టు పూర్తిగా వదల్లేదు, వదలాల్సిన అవసరమూ లేదు. ఈ వాదంలో తేలినది నా లెక్కన ఇంతే. పాత కావ్యం మీద కథ రాయడానికి, పాట కట్టడానికి, బొమ్మ వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓర్ఫియోను రాసిన కవి ఎవరినీ అడగలేదు. కానీ ఆ కవికి పాత కథ లోతుగా తెలుసు, దాని నుంచి ఏం తీస్తున్నాడో, బదులుగా ఏం పెట్టాలో తెలుసు. అభిమాన రచన చేసేవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది అదే. 600 పాదాల కావ్యం ఒక సాయంత్రంలో చదివేయవచ్చు. ముందు మొత్తం చదవండి. రెండోసారి చదివేటప్పుడు ఏ పాదం దగ్గర ప్రశ్న మిమ్మల్ని వదలకుండా పట్టుకుంటుందో అక్కణ్ణుంచి మీ రచన మొదలుపెట్టండి.